గుడివాడ తొలి బస్సులో చేపల వాసన

1978లో, కోతలు మొదలయ్యే రోజుల్లో, నన్ను మచిలీపట్నం బస్సు డిపోలో అసిస్టెంట్ ఫోర్‌మన్‌గా వేశారు. గ్యారేజీలో మెకానిక్కులకు పైన, డిపో మేనేజరుకు కింద ఉండే ఉద్యోగం అది. బస్సు వేళకు నడిస్తే మేనేజరు గారి పాలన బాగున్నట్టు, దారిలో ఆగిపోతే ఫోర్‌మన్ నిద్రపోతున్నట్టు. ఈ లెక్క నాకు మొదటి వారంలోనే అర్థమైంది.

మా బళ్ళలో ఒకటి నాగాయలంక దాటి సముద్రం వైపున్న ఒక పల్లెకు నైట్ హాల్టుకు వెళ్ళేది. అంటే రాత్రికి అక్కడే ఆగి, తెల్లవారుజామున అవనిగడ్డ, చల్లపల్లి, పామర్రు మీదుగా గుడివాడ చేరి, మధ్యాహ్నానికి మా బందరు (మచిలీపట్నం) డిపోకు వచ్చేది. డీజిలు పోసుకుని, నీళ్ళతో పైపైన కడిగించుకుని, పొద్దు ఉండగానే పల్లె చేరేలా మళ్ళీ బయలుదేరేది. డ్రైవరు గౌస్ గారు బందరు మనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నవ్వకుండా నవ్వించడం ఆయనకు పుట్టుకతో వచ్చింది.

ఆ బస్సు మీద ఫిర్యాదు వచ్చింది. గుడివాడలో ఉద్యోగాలు చేసేవాళ్ళు కొందరు దారిలో ఎక్కేవారు. పొద్దున్నే బస్సులో కుళ్ళిన చేపల కంపు భరించలేకపోతున్నామని, ఆఫీసులో పక్క సీటువాళ్ళు కుర్చీ జరుపుకుంటున్నారని వాళ్ళు మేనేజరు గారికి చెప్పారు. కారణం వెతకడానికి ఎవరూ కష్టపడలేదు. ఆ పల్లె ఆడవాళ్ళు ఏడెనిమిది మంది రోజూ ఆ బస్సు టాపు మీద చేపల గంపలు వేసుకుని గుడివాడ మార్కెట్టుకు వెళ్ళేవాళ్ళు. వాసన ఆ ట్రిప్పులోనే వస్తుంది, మధ్యాహ్నం ట్రిప్పుల్లో రాదు. ఇంకేం కావాలి? మేనేజరు గారు గంపలు ఎక్కించవద్దని ఆర్డరు వేశారు.

ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఉప్పెన వచ్చి అప్పటికి ఏడాదే అయింది. ఆ పల్లెవాళ్ళు పడవలు, వలలు మళ్ళీ ఒక్కొక్కటే సమకూర్చుకుంటున్నారు. పట్టిన చేప పొద్దెక్కేలోగా గుడివాడ చేరకపోతే అది ఎవరికీ పనికిరాదు. ఆ వేళకు ఆ దారిలో ఇంకో బస్సు లేదు.

గంపలు ఆగిపోయాయి. వాసన మాత్రం ఆగలేదు.

చెక్క ఫ్లోరుకు పట్టేసి ఉంటుందని మేనేజరు గారు బస్సంతా ఫినాయిలుతో కడిగించారు. మర్నాడు మధ్యాహ్నం గౌస్ గారు బండి దిగి నా దగ్గరకు వచ్చి, “సార్, నిన్నటిదాకా చేపల మార్కెట్టులా ఉండేది. ఇవాళ ఆసుపత్రిలో చేపలు వండినట్టుంది” అన్నారు.

ఆయన వెనకాలే ఒకావిడ దిగింది. నడివయసు, నల్లటి మనిషి, కొంగు బిగించి నడుముకు దోపుకుంది. పేరు నాంచారమ్మ. గంపలవాళ్ళందరి తరఫునా మాట్లాడడానికి ఖాళీ చేతులతో పల్లె నుంచి వచ్చింది. మేనేజరు గారు గది బయటే ఎదురయ్యారు.

“ఏవండీ బాబుగారూ, గంపలు దింపేశారు. మా సామాను ముక్క కూడా లేదు. మరి ఆ కంపు ఎవరిదండీ?” అంది.

ఇన్నాళ్ళ వాసన ఒక్కరోజులో పోతుందా అమ్మా అన్నారు మేనేజరు గారు.

“మరి మధ్యాన్నం పూట ఎక్కడికి పోతదండీ అది? అన్నానికి వెళ్తదా?”

గౌస్ గారు అటు తిరిగి టైరు చూస్తున్నట్టు నిలబడ్డారు. మేనేజరు గారు నావైపు చూశారు. ఇలాంటి ప్రశ్నలు వచ్చినప్పుడు ఫోర్‌మన్ వైపు చూడడం ఆనవాయితీ.

నేను గౌస్ గారిని పక్కకు తీసుకెళ్ళి వాసన ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది అని అడిగాను. పల్లె దాటిన కాసేపటికి మొదలవుతుందట. చల్లపల్లి దాకా బాగా ఉంటుందట. కూచిపూడి దాటాక తగ్గి, పామర్రులో ఉండదట. అప్పటికి అందరి ముక్కులూ అలవాటుపడిపోతాయని ఇన్నాళ్ళూ అనుకున్నారట. వెనక సీట్లలో ఎక్కువా, ముందా అని అడిగితే, “నా కాళ్ళ దగ్గరే సార్, అందరికంటే ముందు నాకే” అన్నారు.

ఆ రోజుల్లో మా బస్సులకు ఇంజను ముందు, డ్రైవరు పక్కనే, రేకు బోనెట్టు కింద ఉండేది. గంపలు ఉండేది టాపు మీద. వాసన అక్కడి నుంచి దిగి ముందుగా డ్రైవరు కాళ్ళ దగ్గరకు చేరడం నాకు కుదిరినట్టు అనిపించలేదు. బోనెట్టు ఎత్తి చూశాను. ఏమీ కనపడలేదు. అంటే నిజంగానే ఏమీ కనపడలేదు. ఇంజను మీద అంత మందాన మడ్డి పేరుకుని ఉంది. డిపోలో రెండు మూడు గంటలు మాత్రమే ఆగే బండికి పైన కడగడమే గాని, లోపల కడిగే వ్యవధి ఎప్పుడూ దొరకలేదు.

బండి ఆపి ఇంజను కడిగించాలని అడిగితే మేనేజరు గారికి నచ్చలేదు. ఇంజను చక్కగా నడుస్తోంది కదా, స్పేరు బండిని పల్లెకు పంపితే రేపు పెళ్ళివాళ్ళ స్పెషలుకు ఏది పంపాలి అన్నారు. నాంచారమ్మ కదలకుండా అక్కడే నిలబడి ఉంది. ఆయన ఆవిడ వైపోసారి చూసి, సరే, సాయంత్రందాకా అన్నారు.

ఇంజను కడగడం అంటే గొట్టంతో నీళ్ళు కొట్టడం అని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే కడిగిన బండిని తోసుకుంటూ ఇంటికి వెళ్ళాలి. ముందు ఇంజను చల్లారనివ్వాలి. బ్యాటరీ వైరు తీసేయాలి. ఇంజను గాలి పీల్చే మూతికీ, డైనమోకూ గోనె చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కట్టాలి. ఆ తరవాత గట్టి మడ్డిని రేకుముక్కతో గీకి, కిరసనాయిలులో ముంచిన బ్రష్షుతో సందుసందునా రుద్ది, నానిన జిడ్డును గుడ్డతో తుడవాలి. నీళ్ళు ఆఖర్న, అవీ కొద్దిగా, బట్టల సోడా కలిపి. చివరికి కంప్రెసరు గాలితో తడి ఆరబెట్టాలి.

ఇద్దరు మెకానిక్కులతో పాటు నేనూ చేతులు ముంచాను. నూనె కారిన చోటల్లా రోడ్డు దుమ్ము, కోతల కాలం పొట్టు, ఊక పట్టి, వేడికి ఉడికి, మాడిన మినపరొట్టెలా అట్టలు కట్టింది. ఒక అట్ట ఊడితే లోపల ఇంకొకటి. గౌస్ గారు ప్రతి అట్టకూ “ఇదీ చేప కాదు” అని ప్రకటిస్తూ డబ్బాలో వేస్తున్నారు. నాంచారమ్మ షెడ్డు గోడ నీడలో కూర్చుని వింటోంది.

డ్రైవరు కాళ్ళ ముందుండే రేకుకు ఇంజను వైపున ఒక పెద్ద అట్ట ఊడింది. దాని కింద అగ్గిపెట్టె అంత బేకలైటు బిళ్ళ ఉంది, పాత స్విచ్చీలు చేసే గట్టి ప్లాస్టిక్కు లాంటిది. స్విచ్చి నుంచి హెడ్‌లైట్లకు వెళ్ళే వైర్లు అక్కడ స్క్రూలతో కలుస్తాయి. ఒక స్క్రూ వదులైంది. దాని చుట్టూ బిళ్ళ గోధుమరంగుకు తిరిగి పగిలింది. వైరు పైతొడుగు కమిలి ఊడిపోయింది. దానికి జానెడు పైన డీజిలు పైపు జాయింటు సన్నగా చెమరుస్తోంది.

నా చేతిలో బ్రష్షు ఆగిపోయింది. వదులు స్క్రూ దగ్గర వైరు వేడెక్కుతుంది. చుట్టూ ఎండిన ఊక, నూనె, పైన డీజిలు. పొద్దున పూట ఆ బస్సు కిక్కిరిసి నడుస్తుంది. దిగడానికి ఒకటే తలుపు.

మేనేజరు గారిని పిలిపించాను. బిళ్ళను అలాగే ఉంచి, చుట్టూ శుభ్రంగా తుడిచి, బ్యాటరీ తగిలించి హెడ్‌లైట్లు వేయమన్నాను. పట్టపగలు షెడ్డులో లైట్లు వెలుగుతుంటే అందరం బోనెట్టు చుట్టూ నిలబడ్డాం. కొంతసేపటికి బిళ్ళ మీద చేయి పెట్టలేనంత వేడి వచ్చింది. ఆ వెనకే వాసన లేచింది. బేకలైటు లాంటివి కాలితే అచ్చం పాచిపోయిన చేప కంపు కొడుతుందని వర్క్‌షాపులో ఒకసారి విన్నాను గాని, అంత అచ్చంగా ఉంటుందని నేనూ అనుకోలేదు. మేనేజరు గారు ముక్కు మూసుకుని అలవాటు చొప్పున నాంచారమ్మ వైపు చూశారు. ఆవిడ రెండు చేతులూ చాపి ముందూ వెనకా తిప్పి చూపించింది.

“నాకాడ ఏమీ లేదండీ బాబుగారూ!”

మేనేజరు గారు నవ్వేశారు. మొదటి నుంచీ ఆయనలో మంచి గుణం అదే. లైట్లు ఆర్పించి, గంపల ఆర్డరు తీసేశానని ఆవిడతోనే చెప్పారు.

చీకటి ఉన్నంతసేపూ లైట్లు వేస్తారు, కూచిపూడి దగ్గర తెల్లవారితే ఆర్పేస్తారు. వాసన వేళలు అవే. ఆ చీకటి ట్రిప్పులోనే గంపలూ వెళ్ళేవి కాబట్టి నేరం వాటి మీద పడింది. బిళ్ళ మార్చాం, వైరు కొత్తది వేశాం, డీజిలు జాయింటు బిగించాం. సాయంత్రం అదే బండిలో నాంచారమ్మతో పాటు నేనూ పల్లెకు వెళ్ళాను.

మర్నాడు తెల్లవారుజామున టాపు నిండా గంపలతో బయలుదేరాం. చల్లపల్లిలో ఎక్కిన ఒక ఉద్యోగి గాలి పీల్చి చూసి, “ఇవాళ హాయిగా ఉంది, గంపలు మానేయడం ఎంత మంచిదయిందో” అన్నాడు. వెనక సీట్లో నాంచారమ్మ ఎంత గట్టిగా నవ్విందంటే, గౌస్ గారు బండి నెమ్మది చేసి వెనక్కి చూశారు. టాపు మీద ఏముందో ఆవిడే అతనికి చెప్పింది. అతను చేతిలో పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని పామర్రు దాకా దించలేదు.

ఆ తరవాత నైట్ హాల్టు బళ్ళను వంతుల వారీగా పూటంతా ఆపి ఇంజన్లు కడిగే పద్ధతి మా డిపోలో పెట్టాం. రిటైరయ్యేదాకా ఎక్కడ పనిచేసినా దాన్ని వదల్లేదు. నేను నేర్చుకున్నవి రెండు. మడ్డి పట్టిన ఇంజనులో లోపం వెతకకూడదు, ముందు కడగాలి. ఫిర్యాదు ఏ వేళకు వస్తే, ఆ వేళకు బండి మీద ఎవరున్నారని కాదు, బండిలో ఏం పనిచేస్తోందని చూడాలి.