ఫలితం ముందే చెక్కిన రాయి

నా కుడి భుజం పట్టేసిన ఏడాది నాచారంలో అందరికీ తెలిసిన కష్టాలు రెండే. ఒకటి మెయిన్ రోడ్డు ట్రాఫిక్, రెండోది నా భుజం. చెయ్యి చెవి దాకా లేచేది కాదు. దువ్వెన తల వెనక్కి చేరక, ముందు నుంచి చూస్తే పెళ్లికొడుకులా, వెనక నుంచి చూస్తే కాకిగూడులా తిరిగాను. చొక్కా విప్పాలంటే ముహూర్తం చూసుకోవాల్సిందే. మా ఆవిడ చొక్కా చెయ్యి పట్టుకుని లాగేది. నేను పెట్టే కేకకి మౌలాలి దగ్గర గూడ్సు బండి సిగ్నల్ అనుకుని ఆగిపోయేది.

"కేకలు జర తక్కువ పెట్టు. నేను నిన్ను కొడుతున్న అనుకుంటున్నరు కింద వాటా వాళ్లు," అనేది మా ఆవిడ.

"అనుకుంటే ఏమైతది?"

"ఏం గాదు. ఎట్ల కొడుతవో నాకు గూడ నేర్పు వదినా అని నిన్న ఆ కింద వాటా ఆమె వచ్చి అడిగింది."

అట్లాంటి రోజుల్లో ఉప్పల్ వైపు ఒక ఫిజియోథెరపీ కాలేజీలో తక్కువకి చూస్తారని ఎవరో చెబితే వెళ్లాను. అక్కడ పాఠాలు చెప్పే మేడమే చూసింది. గుంటూరు వైపు మనిషి, నాకన్నా పదిహేనేళ్లు చిన్న. ఆమె రెండు అరచేతులు కలిపినా ఒక పూరీ అంత ఉండవు. ఆ చేతులతో నా భుజం గూట్లోని బంతిని పట్టుకుని, తుప్పు పట్టిన గొళ్లెం తీసినట్టు మెల్లగా కిందికీ వెనక్కీ జరిపేది. ఇంటి దగ్గర గోడ మీద వేళ్లతో పాకమని, టవల్ వీపు వెనక పెట్టి లాగమని చెప్పేది. మూడు నెలలకి చెయ్యి లేచింది. నాగోల్‌లో మెట్రో ఎక్కి పైన వేలాడే పట్టీని మొదటిసారి అందుకున్న రోజు, తర్వాతి స్టేషనైన ఉప్పల్‌లో దిగాల్సినవాణ్ని, దాన్ని వదల్లేక తార్నాక దాకా పోయి తిరిగొచ్చాను.

ఆఖరి రోజు ధన్యవాదాలు చెబుదామని వెళితే మేడం మొహం వేలాడేసుకుని ఉంది. తను ఒక పరిశోధన నడుపుతున్నానని చెప్పింది. భుజం పట్టేసినవాళ్లని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ఎక్సర్‌సైజులతో పాటు చేతి వైద్యం, రెండో జట్టుకి ఉత్త ఎక్సర్‌సైజులు. ఎవరి చెయ్యి ఎంత లేచిందో కొలవడానికి ఘట్‌కేసర్ పక్కన అన్నోజిగూడ నుంచి ఒకమ్మాయి వస్తుంది. ఉన్న డబ్బు నెలాఖరుకి అయిపోతోంది. ఆ అమ్మాయిని పంపించేయాలి, చేరినవాళ్లకి సారీ చెప్పాలి, దుకాణం మూసేయాలి.

"ఎవరూ ఇవ్వరా మేడం?"

"మందు మీద పరిశోధనైతే మందు కంపెనీ ఇస్తుందండీ. మిషను మీదైతే మిషను కంపెనీ. నా చేతులు ఏ కంపెనీ అమ్ముకుంటుంది, డబ్బివ్వడానికి?" అంది. "సగంలో ఆగిన పరిశోధన సగం ఉడికిన అన్నం పాటి కూడా చెయ్యదండీ. అన్నమైతే కుక్కకైనా పెట్టొచ్చు."

ఆ మాట నా భుజంలో గుచ్చుకుంది. అప్పుడు గుర్తొచ్చాడు మా మామ.

మామ అంటే నాకు చుట్టం కాదు, వీధి మొత్తానికి మామే. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఆయనకి లేత్ వర్క్‌షాప్ ఉంది. ఇప్పుడు కూతురు నడుపుతోంది. తప్పులు పట్టడానికి ఈయన రోజూ పొద్దున్నే వెళతాడు. దానం చేయడంలో కర్ణుడు, కాకపోతే పేరు రాయించుకునే కర్ణుడు. గుడికి నాలుగు ఫ్యాన్లిచ్చి రెక్క రెక్కకీ పేరు రాయించాడు. తీరా తిరుగుతుంటే పేరు కనబడదు. "కరెంటు పోతెనే నా పుణ్యం కనబడుతదా?" అని పూజారితో ఆర్నెల్లు పంచాయతీ నడిపాడు.

వెళ్లి మొత్తం చెప్పాను. మొత్తం కన్నా కొంచెం ఎక్కువే చెప్పాను.

"మామా, ఆమె చెయ్యేస్తే కరెంటు స్తంభం గూడ చేతులు పైకెత్తుతది."

"అందరికీ తగ్గుతదా?"

"నూటికి నూరు. పక్క మంచం మీద పండుకున్నోనికి గూడ తగ్గుతది."

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. మిషన్ల వైపు చెయ్యి చూపించాడు. "మా అన్న నాకు ఈ పని నేర్పిండు," అన్నాడు. "ఆఖరి అయిదేండ్లు ఆయన కుడిచెయ్యి లేవలే. ఎడమ చేత్తోని తింటుండె. సిగ్గయ్యి ఎవ్వరి ముందట తినకపోతుండె." తువ్వాలుతో మొహం తుడుచుకుని, "రెండేండ్లు నడిపిస్త. ఆ పిల్ల జీతం, వచ్చేటోళ్ల బస్సు కిరాయిలు అన్నీ నాయే. మా అన్న పేరు మీద," అన్నాడు.

మేడంకి ఫోన్ చేసి సంగతి చెప్పాను. మామకి నేనేం చెప్పానో మాత్రం చెప్పలేదు. ఆమె అడగలేదు కాబట్టి అది అబద్ధం కిందికి రాదని నా లెక్క.

సంతకాలు శనివారం పొద్దున వర్క్‌షాప్‌లో. మేడం ఫైలు పట్టుకుని ఇస్త్రీ చీరలో వచ్చింది. ఆఫీసు గది గుమ్మం పక్కన ఏదో నిలబెట్టి ఎర్రగుడ్డ కప్పి ఉంది. పక్కన పళ్లెంలో కొబ్బరికాయ, కర్పూరం. మామ మంత్రిగారిలా నడిచొచ్చి గుడ్డ లాగాడు.

నల్ల గ్రానైట్ రాయి. బంగారు అక్షరాలు. పైన వాళ్లన్న పేరు, జ్ఞాపకార్థం. కింద: "ఈ పరిశోధన ద్వారా చేతి వైద్యముతో భుజం నొప్పి పూర్తిగా నయమగునని నిరూపించబడినది."

మేడం ఒకసారి చదివింది. కొంచెం దగ్గరికి వెళ్లి మళ్లీ చదివింది. నేను పైకప్పు రేకుల్ని లెక్కపెడుతూ నిలబడ్డాను.

"సార్... ఇది ఇంకా తేలలేదండీ."

"తేలుతది గద."

"ఎటు తేలుతుందో తెలియదండీ. చేతులతో చేసినా, ఉత్త ఎక్సర్‌సైజులు చేయించినా ఒకటే అని కూడా తేలొచ్చు."

మామ తల నా వైపు తిరిగింది, ట్యాంకు మీద ఫిరంగి తిరిగినట్టు. "ఈయన నూటికి నూరన్నడు. పక్క మంచపోనికి గూడ తగ్గుతదన్నడు."

మేడం కూడా నా వైపు చూసింది. భూమి చీలితే బాగుండుననుకున్నాను గానీ, మామ కట్టించిన ఫ్లోరింగ్ గట్టిది.

"ఆయన భుజం తగ్గింది నిజమేనండీ," అంది మేడం. "నా చేతుల వల్ల తగ్గిందో, ఇంటి దగ్గర చేసిన ఎక్సర్‌సైజుల వల్లో, కొన్నాళ్లకి దానంతటదే తగ్గే జబ్బు కాబట్టో నాకు తెలియదు. అది తెలుసుకోవడానికేనండీ ఇదంతా."

తార్నాక దాకా మోసుకెళ్లిన నా అద్భుతాన్ని ఒక్క మాటతో లాగేసుకుంది! ఆ ఉడుకులో, "మేడంకి వినయం ఎక్కువ మామా," అన్నాను.

"వినయం కాదండీ," అంది మేడం.

"నువ్వు జర సప్పుడు జెయ్యకు," అన్నాడు మామ నాతో. ఆమె వైపు తిరిగి, "మా అన్న పేరు వెట్టి, పైసలు వెట్టి, ఆఖరికి ఏం లాభం లేదని రాస్తరా? నలుగురు నవ్వరా అమ్మా?"

ఆ క్షణంలో ఆమె ఒక్క చిన్న అబద్ధమాడితే చాలు. 'మంచిగానే తేలుతుంది లెండి' అంటే చాలు. నేనైతే ఈపాటికి నాలుగు ఆడి, అయిదోది నోట్లో పెట్టుకుని ఉండేవాణ్ని. మేడం ఫైలు మూసింది. "అలా తేలితే అలాగే రాస్తానండీ. మీకు అది ఇబ్బందైతే నేను ఈ డబ్బు తీసుకోలేను," అని వెనక్కి తిరిగింది.

నెలాఖరు నా కళ్లముందే వచ్చి కూర్చున్నట్టయింది. అన్నోజిగూడ అమ్మాయి, సగంలో ఆగిపోయే భుజాలు, అన్నీ నా నోటి పుణ్యమే.

కోపమొస్తే మామ మాట్లాడడు, చేతికి పని చెబుతాడు. బల్ల మీద ట్రేలో అప్పుడే మిషను మీంచి వచ్చిన గుండ్రటి ఇనుప బుష్షులున్నాయి. గేజి తీసుకున్నాడు. అది జానెడు స్టీలు కడ్డీ. దాని ఒక కొన బుష్షు బొక్కలో దూరాలి, రెండో కొన దూరకూడదు. ఒకటి చూశాడు, సరే. రెండోది సరే. మూడోదానిలో దూరకూడని కొన దూరింది. దాన్ని తీసి తుక్కు డ్రమ్ములోకి విసిరాడు. వర్క్‌షాప్ అంతా గంట కొట్టినట్టు మోగింది.

బయటి గుమ్మం దాకా వెళ్లిన మేడం ఆగింది. "అదెందుకు పారేశారండీ?"

"బొక్క పెద్దగైంది."

"చూడ్డానికి బాగానే ఉంది కదండీ."

"సూస్తే అన్నీ మంచిగనే ఉంటయమ్మా. గేజి జెప్పాలె."

"చేసినవాళ్లకి కోపం రాదా?"

"గేజి మీద కోపమేంది? అన్నింటిని పాసంటే అది గేజెట్లయితది, ఉత్త ఇనుప—"

అక్కడ ఆగిపోయాడు. వాక్యం మధ్యలో మామ ఆగడం నాచారం చరిత్రలోనే మొదటిసారి. చేతిలోని కడ్డీని అటూ ఇటూ తిప్పి చూశాడు. మేడం గుమ్మం దగ్గర నుంచి రెండడుగులు వెనక్కి వచ్చింది, తెలివైనది. నేను మధ్యలో దూరలేదు. అదీ చరిత్రలో మొదటిసారే.

"నేను జేసిన మొదటి దినం పీసులన్నీ మా అన్న డ్రమ్ముల ఏసిండు," అన్నాడు చివరికి. "ఏడ్సిన. ఒక్కటి గూడ తిరిగియ్యలే." కుర్చీ ముందుకి జరిపాడు. "కూసో అమ్మా. అంటే నువ్వడిగేది గేజి పైసలన్నట్టు."

"అవునండీ."

"లేదని తేలితే ఎవ్వరికి లాభం?"

"వారానికి మూడు పూటలు పని మానుకుని నా దగ్గరికొచ్చేవాళ్లకండీ. ఇంట్లోనే చేసుకుంటారు. ఉందని తేలితే, చేతి వైద్యానికి ఇంకా మనుషుల్ని పెట్టమని అడగడానికి నా దగ్గర రుజువు ఉంటుంది."

"ఏది తేలినా మా అన్న పేరుంటదా?"

"ఉంటుందండీ. వ్యాసం అచ్చయ్యాక చివర్లో, చిన్న అక్షరాలతో."

"చిన్నయెందుకు?"

ఇక్కడ మొదలైంది అసలు బేరం. పరిశోధన ఎటైనా తేలనీ, దానికి ఒప్పేసుకున్నాడు. అక్షరాల సైజు దగ్గర మాత్రం అరగంట కొట్లాడాడు. అది పరిశోధనలు అచ్చేసే పత్రికవాళ్ల పద్ధతి, తన చేతుల్లో లేదని మేడం ఎన్నిసార్లు చెప్పిందో. ఆఖరికి "పద్ధతి గల్లోళ్లే," అని గొణుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, ప్రతి కాగితం మీద గేజి పెట్టి చూసినంత జాగ్రత్తగా సంతకం చేశాడు.

మేడం ఆవరణలోకి పరిగెత్తి అన్నోజిగూడ అమ్మాయికి ఫోన్ చేసింది. లేత్ మిషన్ల రొదలో ఆమె గొంతు ఘట్‌కేసర్ దాకా ఫోన్ లేకుండానే వినిపించి ఉంటుంది. "సోమవారం రా! వస్తున్నావు! వేరే ఉద్యోగం చూసుకోకు!" ఫోన్ పెట్టేసి గోడకి ఆనుకుని కాసేపు కళ్లు మూసుకుంది. నాకు అప్పుడు తెలిసింది, నా భుజాలు రెండూ పొద్దుటి నుంచీ చెవుల దగ్గరే ఉన్నాయని. అవి కిందికి దిగుతుంటే నాలుగు అంతస్తుల లిఫ్టు దిగినట్టుంది.

"మీకొక మాట చెప్పనా?" అంది మేడం. "ఇకనుంచి నా గురించి ఎవరి దగ్గరా మంచిగా చెప్పకండి."

ఒట్టేశాను. నేను తీసుకున్న వైద్యాలన్నిటిలోకీ కఠినమైన పథ్యం అది.

గ్రానైట్ మీద అక్షరాలు చెరగవట. రాయిని బోర్లా తిప్పి, చేతులు కడుక్కునే కుళాయి కింద వేయించాడు మామ. కాయ మాత్రం కొట్టాం, తెచ్చింది వృథా చేయడమెందుకని. ముక్కలు పంచుకుని తిన్నాం. అంత తియ్యటి కొబ్బరి కోనసీమలో కూడా కాయదు.

ఇప్పుడు రెండో ఏడు నడుస్తోంది. ఇంకా ఏదీ తేలలేదు. ఆ జట్టుకెంత, ఈ జట్టుకెంత అని మేడం ముందుగా ఎవరికీ చెప్పదు. మామ కనబడినప్పుడల్లా "తేలిందా?" అని అడుగుతాడు. "ఇంకా లేదు మామా," అంటాను. "తొందర వడొద్దని జెప్పు," అని సంతోషంగా పోతాడు.

నా భుజాన్ని తగ్గించింది ఆమె చేతులో, మా ఇంటి గోడో నాకూ తెలియదు. కానీ ఎటు తేలినా అందులో నా నోటి ప్రమేయం లేదు. ఇంత నిశ్చింతగా నేను నా జన్మలో దేనికోసమూ ఎదురుచూడలేదు.