పాదం లేపితే ఆగే పాట

సిడ్నీ శివారు టూంగాబీలో మా కంచె అవతల ఉండే ఆవిడ ప్రతి శనివారం మధ్యాహ్నం ఫిడేలు తీసేది. ఒకటే ముక్క, తిప్పి తిప్పి ఇరవైసార్లు. "పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ" అని మా ఆయన దగ్గర విసుక్కునేదాన్ని. విజయనగరంలో పన్నెండేళ్ళు ఫిడేలు నేర్చుకున్నదాన్ని కదా, ఆమాత్రం పొగరు ఉండేది.

ఒకరోజు ఉండబట్టలేక వెళ్ళాను. డెబ్భై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటోంది. వాళ్ళ నాన్న ఎప్పుడో అమెరికా కొండల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడట. ఆ పాట ఆయన వెంట తెచ్చుకున్నది. ఆవిడ ఫిడేలు తీగలు మీటి చూసి నోరు తెరిచాను. స-ప-స-ప! అచ్చం మా కర్ణాటక సంగీతం శ్రుతి. ఈ పాట కోసం తీగలు ఇలా మార్చి బిగించాలని నాన్నే నేర్పాడట. నా పొగరు అక్కడే సగం దిగింది.

మిగతా సగం, ఆ పాట నాకూ నేర్పమని అడిగాక, ఆవిడ దించింది. స్వరాలు రాసుకుందామని నేను నోట్‌బుక్ తీస్తే మూసేసింది. అంతా చెవితోనే. అలవాటుకొద్దీ గమకాలు వేస్తే, "నో లవ్, దానికి నగలు పెట్టకు" అంది. ఇక్కడి పెద్దవాళ్ళకు ఎవరినైనా 'లవ్' అని పిలవడం అలవాటు.

పాట మధ్యలో ప్రాసలు అరవాలి. తలా తోకా లేనివి: కోడి పెళ్ళికి వెళ్ళిందనీ, నక్క వంట చేసిందనీ, ఎవరికి తోచింది వాళ్ళు. నేను తెలుగులోనే అరిచాను: "కోడి కూసెను కొండ మీద, కోటు తడిసెను దండెం మీద!" ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆవిడ పగలబడి నవ్వింది, తర్వాత అర్థం చెప్పించుకుంది.

కాగితం లేదు, రికార్డింగ్ లేదు. అరవయ్యేళ్ళు ఆ పాటను చేతిలోనే దాచుకున్న మనిషి. తలుచుకుంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది. ఆ చెయ్యి ఈ చలికాలం వణకడం మొదలుపెట్టింది. ఓ శనివారం కమాను జారి కింద పడింది. తీసి మళ్ళీ పట్టుకోలేదు, నా ఒళ్ళో పెట్టింది.

"ఇది నాతో ఆగిపోకూడదు, లవ్" అంది.

పోయిన నెల ఆవిడ పెరట్లో బార్బీ, అదే, బార్బెక్యూ విందు. పాత స్నేహితులు గిటార్లూ బాంజోలూ పట్టుకుని వచ్చారు. అందరినీ నడిపించే ముందు ఫిడేలు నాది. వాళ్ళలో ఓ ఆచారం ఉంది. పాట ఎన్నిసార్లు తిరగాలన్న లెక్క ఉండదు. ముందు ఫిడేలు వాయించేవాళ్ళు పాదం పైకి లేపితే అదే చివరి చుట్టు. నేనేమో గడ్డి మీద దుప్పటి పరుచుకుని, బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తల కుడి పాదం మీద ఆనించి కూర్చునే రకాన్ని. పాదం లేపితే ఫిడేలే పోతుంది! అందుకని నా బదులు పాదం లేపే పని ఆవిడ తీసుకుంది. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

పాట మొదలైంది. పది చుట్లు, పదిహేను. బాంజో ఆయనకు చెమటలు పట్టాయి. నా భుజం పీకేస్తోంది.

"ఆంటీ, ఫుట్! ప్లీజ్, ఫుట్!" అన్నాను.

ఆవిడ వణికే చేతులు ఒళ్ళో పెట్టుకుని, రెండు మడమలతో గడ్డి మీద తాళం వేస్తోంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"నాట్ యెట్, లవ్" అంది. "మీ భాషలో ఆ కోడిది ఇంకోసారి అరిచెయ్."

భుజం నొప్పి మరిచిపోయి అరిచాను.