నేను సన్నం చేసిన ముక్కు

పదకొండేళ్లుగా ఒక ముక్కు నా గుండెల మీద కూర్చుని ఉంది. నవ్వకండి. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

మాది ఆళ్లగడ్డ. విగ్రహాలు చెక్కడం పని. నంద్యాల వ్యాపారి ఒకాయన తాను కట్టిస్తున్న గుడికి చెంచులింటి ఆడపడుచైన అమ్మవారిని చెక్కమన్నాడు. ఆమెను పెళ్లాడిన స్వామి మా అల్లుడేనని నల్లమల చెంచులు ఈనాటికీ చెప్పుకుంటారు కదా, ఆ అమ్మవారే. ముక్కు దగ్గర రాయి మందంగా వదిలేసి, చివర్లో తీర్చుదామనుకుని, వేరే పని మీద నాలుగు రోజులు యాగంటి వెళ్లాను.

మా షెడ్డులో గురవమ్మ అనే చెంచు మనిషి అప్పటికి పదేళ్లుగా రాళ్లకు నునుపు పెట్టేది. ఉలి పనికిచ్చే కూలిలో సగమే ఆమెకు. ఆమె చేతికి ఉలి ఎవరూ ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదు? ఇవ్వొచ్చునని తోచనే లేదు.

తిరిగొచ్చి చూద్దును కదా, ముఖం పూర్తయి ఉంది. నేను వదిలిన మందాన్ని ఆమె తీసెయ్యలేదు. సానరాయితోనే అరగదీసి అరగదీసి, వెడల్పు ముక్కు, నిండు పెదవులతో అడవిలో పుట్టిన తల్లిని నిలబెట్టింది. ముప్పై ఏళ్లుగా దేవతలను చెక్కుతున్నవాణ్ణి, నా షెడ్డులో నాకే తెలియకుండా చెప్పులు విడిచాను.

మర్నాడు వ్యాపారి వచ్చి పెదవి విరిచాడు. "ఏందప్పా ఇది? అడివోళ్ల మొగం మాదిరుంది. లక్ష్మీకళ యాడ?"

ఈమె అడవి బిడ్డేనయ్యా, అనాల్సింది. అనలేదు. బేరం పోతుందన్న భయమా? లేక అంతగా చలించిపోయిన నా కంటికి కూడా దేవత అంటే కోటేరు వేసిన ముక్కేనా? రెండోదే నిజమనుకుంటాను. ఆ ముక్కు మందాన్ని ఉలితో తీసి, సాన పట్టాను. రాతి మీద నీళ్లు పోసింది గురవమ్మే.

"మా యమ్మకు మా ముక్కుంటే ఏమైతాదన్నా?" అంది.

"దేవుళ్లకు అట్లుండదులే గురవమ్మా" అన్నాను.

ఆమె నీళ్లు పోస్తూనే ఉంది.

రాతిలో తీయడమే గానీ మళ్లీ చేర్చడం ఉండదు. గుడిలో ఆ ముక్కు చూసి అందరూ మెచ్చుకున్నారు, నాకు శాలువా కప్పారు. గురవమ్మ మళ్లీ ఏ ముఖమూ ముట్టలేదు, మెట్ల రాళ్లు చాలంది.

కిందటి నెల ఆమె గూడేనికి వెళ్లాను. కూతుర్ని పంపమన్నాను, ఉలి పని నేర్పుతానని, పూర్తి కూలి ఇస్తానని చెప్పాను. షెడ్లన్నీ ఎప్పుడో చేయాల్సిన పని అది. ముక్కు సంగతి మాత్రం అప్పుడూ నోటికి రాలేదు. ఆమె తలైనా ఊపలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. నా జన్మలో నేను చూసిన అమ్మవారు ఒక్కతే. ఆమెను చేసింది గురవమ్మ. చెరిపింది నేను. ఈ మాట రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.