తడిగోనె బాబాయి

కాంక్రీటు పొడిగా కనిపిస్తే బాబాయి ప్రాణం విలవిల్లాడుతుంది. మేస్త్రీ పని మానేసి ఆరేళ్ళయినా ఆ జబ్బు మాత్రం తగ్గలేదు. వీధిలో ఎవరి స్లాబు ఆరినట్టున్నా అడక్కుండా మెట్లెక్కి నీళ్ళు చల్లి, తడి ఆరకుండా గోనెలు కప్పి వస్తాడు. అందుకే అందరూ ఆయన్ను తడిగోనె అంటారు.

అలాంటి మనిషికి తన కుట్టుదుకాణం స్లాబు అప్పగించడం అన్నకూతురు చేసిన పొరపాటు. నెలాఖరుకి బడిపిల్లల యూనిఫారాలు నూట ఇరవై జతలు ఇవ్వాలి. దుకాణం తయారు కాకపోతే ఆ పని వేరే దర్జీకి పోతుంది. ఈయనేమో స్లాబు మీద మళ్ళు కట్టి నీళ్ళు నింపి, ఇరవై ఎనిమిది రోజులు దాన్ని మోసే కింది కర్రలు ముట్టుకోవద్దని హుకుం జారీ చేశాడు.

"అందరూ పద్నాలుగు రోజులకే తీసేస్తున్నారు బాబాయ్."

"వాళ్ళది క్వారీ కంకర. మనం వేసింది ఇక్కడి వాగు కంకర, నున్నగా ఉంటుంది. సిమెంటు దాన్ని పట్టుకోవాలంటే తడీ టైమూ రెండూ ఇవ్వాలమ్మా."

ఆమె నమ్మలేదని రుజువులకు దిగాడు. అదే కంకరతో మూడు దిమ్మలు పోశాడు. ఒకదాన్ని ఆమె బట్టలు నానబెట్టే టబ్బులో ముంచాడు, ఒకదానికి తడిగోనె చుట్టాడు, మూడోదాన్ని ఎండకు వదిలేశాడు. వారం తర్వాత ల్యాబుకు మోసుకెళ్ళి మిషన్లో పెట్టి నొక్కించాడు. ఎండలోది ముందు పగిలింది, గోనెలోది కాస్త ఓర్చుకుంది, టబ్బులోది అన్నిటికంటే ఎక్కువ బరువు మోసింది. ఆ ముక్కలన్నీ తెచ్చి ఆమె వంటింటి గట్టు మీద పరిచి, చూసుకోమన్నాడు. ఆమె తల పట్టుకుంది.

పదిహేనో రోజున ఓపిక నశించి, కర్రలు తీసేవాళ్ళను పిలిపించింది. బాబాయి కుర్చీ తెచ్చుకుని స్లాబు కింద నడిమధ్యన కూర్చున్నాడు. తియ్యండి, నేను మాత్రం లేవను అన్నాడు. వాళ్ళు కర్రలనీ ఆయన్నీ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయారు.

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. ఈ మనిషితో ఎలా కాపురం చేస్తున్నావని అడగడానికి నేరుగా పిన్ని దగ్గరికి వెళ్ళింది.

ముందుగదిలో మంచం లేదు, బీరువా లేదు. దుకాణం కోసం తను అక్కడ దాచుకున్న నాలుగు కుట్టుమిషన్లూ అట్టపెట్టెల్లోంచి బయటికొచ్చి కిటికీ వెలుగులో బారుగా ఉన్నాయి. మధ్యలో పాత తలుపుచెక్కతో చేసిన కటింగు బల్ల.

"యూనిఫారాలు ఇక్కడే కుట్టుకోవాలట," అంది పిన్ని. "స్లాబు దాని మానాన అది గట్టిపడుతుందట. నాలుగు రోజుల్నించీ మేమిద్దరం వరండాలో పడుకుంటున్నాం."

అంతలో బాబాయి వచ్చాడు.

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా బాబాయ్?"

"బల్ల ఎత్తు ఇంకా కుదర్లేదమ్మా. నిలబడి చూడు, నడుం వంగుతోందా?"

ఆమె నిలబడి చేతులు చాచింది. నడుం వంగలేదు. ఇన్నాళ్ళూ కూడబెట్టుకున్న తిట్లను ఏం చెయ్యాలో తెలియక, ఈ వయసులో వరండాలో పడుకుంటే జలుబు చెయ్యదా, బుద్ధుందా అంటూ వాటన్నిటినీ అక్కడే కుమ్మరించింది. ఆయన ప్రతి తిట్టుకీ తలూపుతూ, బల్ల కోడు కింద అట్టముక్క సర్దాడు.