ముడులక్క మూసిన కన్నం

రేవులో వల చిరిగిందంటే ముడులక్క దగ్గరికి రావాల్సిందే. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో! కన్నం కనబడితే చాలు, ఆవిడ చేతులు ఊరుకోవు. చుట్టాలింటికి వెళ్లినా సరే, మాటల్లో మాటగా వాళ్ల కర్టెన్ చిరుగు కుట్టేసి మరీ వస్తుంది.

అలాంటి మనిషే వలకు కన్నం పెడతానని పట్టుబట్టింది. కారణం లేకపోలేదు. ఆమధ్య తమ్ముడి వలలో చిక్కి ఓ సముద్రపు తాబేలు చచ్చిపోయింది. పైకొచ్చి గాలి పీల్చుకోకపోతే అది బతకదు మరి. దాన్ని వలలోంచి విడదీసింది ముడులక్కే. ఆ రోజంతా ఆవిడకు ముద్ద దిగలేదు.

"వలకు కన్నమేంటక్కా? రేపు పడవకు కూడా పెడతానంటావా?" అన్నాడు తమ్ముడు.

"చువ్వల జల్లెడ అడ్డం పెడతాంరా. చేపలు సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు కన్నంలోంచి బయటికి పోతుంది. జెల్లీచేపల్ని తినేది తాబేళ్లేగా? అవి లేకపోతే నీ వల నిండా ఆ జిగురే. అప్పుడు ఏడుద్దువుగాని!"

ఆ జిగురు తగిలి ఒళ్లంతా దద్దుర్లెక్కిన సంగతి గుర్తొచ్చిందో ఏమో, వాడే వలలో జల్లెడ బిగించి, కన్నం కోయమని కత్తి ఆవిడ చేతికిచ్చాడు.

తీరా పడవ వెళ్లిపోయాక, షెడ్డులో ముడులక్కకు దారపు కండె ఖాళీగా కనిపించింది. ఇంత దారం ఎటు పోయింది? నిన్న పొరుగావిడతో కబుర్లలో పడి కన్నం పక్కన చిరుగు కుట్టింది. కుడుతూ కుడుతూ... తాబేలు దారిని తన చేతులతోనే మూసేసింది! ఫోను చేస్తే కలవలేదు. తిండీ తిప్పలూ మానేసి, తన చేతుల్ని తనే తిట్టుకుంటూ గట్టుమీద కూర్చుంది.

సాయంత్రం పడవ దిగుతూనే తమ్ముడు నవ్వాడు. "ఎంత బాగా కుట్టావక్కా కన్నాన్ని! దోమ కూడా దూరదు."

"తాబేలు పడిందా?"

"పడింది. చేపలన్నీ నీ కన్నంలోంచి జారిపోతున్నాయేమోనని అనుమానమొచ్చి వల తొందరగా లాగించా. చూద్దును కదా, కుట్టు దగ్గర కొట్టుకుంటోంది. కత్తితో కోసేశా."

"బతికిందా?"

"బతక్కేం? బుస్సుమని ఊపిరి తీసి, నా మొహాన నీళ్లు కొట్టి మరీ పోయింది!"

ముడులక్క గట్టుమీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియలేదు. అమ్మయ్య, ప్రాణం నిలబడింది.

వాడు కోసిన వల తెచ్చి ఆవిడ ఒళ్లో వేశాడు. "అంచు మాత్రమే కుట్టు" అన్నాడు. ఆవిడ కుట్టినంతసేపూ రెండు చేతులూ కన్నంలో దూర్చి, ఎదురుగానే కూర్చున్నాడు.