లస్కరు చేతిలో గునపం

జీపులో వచ్చిన ఏ మాటనూ నేను వెంటనే నమ్మను. ఇదేమీ గొప్పగా చెప్పుకోవలసిన గుణం కాదని తెలుసు. కానీ మా పేటలో పుట్టినవాళ్ళకి అది పాలతోనే వస్తుంది. మైకు కట్టిన జీపు ఏటిగట్టు మీద ఆగి, "ప్రజలెవరూ భయపడవలసిన అవసరం లేదు" అని చెప్పి వెళ్ళిందంటే మా అమ్మ వెంటనే బియ్యం డబ్బా అటక ఎక్కించేది. "పడవలు సిద్ధంగా ఉన్నాయి" అన్నారంటే అవెక్కడున్నాయో ఎవరికీ తెలియదన్నమాట. "మంత్రిగారు స్వయంగా పర్యవేక్షిస్తున్నారు" అని రేడియోలో వినబడితే నాన్న నవ్వేవారు. "అయితే ఇంక మనమే చూసుకోవాలి" అనేవారు.

మా పేట గోదావరి పాయ వైనతేయ ఒడ్డున, అప్పనపల్లికి కొంచెం ఎగువన ఉంటుంది. ఊరు మెరక మీద, మేము గట్టు కింద పల్లంలో. అలా ఎవరు ఎందుకు పెట్టారో అందరికీ తెలిసిందే. గట్టుకి గండి పడితే ముందు మునిగేది మేమే.

డెబ్భైల్లో ఒకసారి అలాగే మునిగాం. అప్పుడు నేను రాజోలులో చుట్టాలింట ఉండి చదువుకుంటున్నాను. వరద తీశాక వచ్చి చూస్తే మా ఇంటి స్థలంలో నడుమెత్తు ఇసుక మేట. ప్రవాహం ఉధృతికి గట్టు తెగిందని ప్రభుత్వం వారు రాసుకున్నారు. తెగలేదు, తెగ్గొట్టారని మా పేట అంది. అవతలి ఒడ్డున ఒక నాయకుడి కొబ్బరితోటలు ఉన్నాయి, అవి మునగకుండా ఇవతల కొట్టించారని అందరి అనుమానం. నాన్న నన్ను గండి అంచుకి తీసుకెళ్ళి గునపం గాట్లు చూపించారు. అవి గునపం గాట్లో, నీళ్ళు కోసిన చారలో ఇవాళ నేను ఒట్టేసి చెప్పలేను. ఆ రోజు మాత్రం ఒట్టేసి నలుగురికీ చెప్పాను.

అప్పటినుంచి మా పేటలో ఒక కట్టుబాటు వచ్చింది. ఏరు పొంగితే వంతులవారీగా గట్టు మీద కాపలా కూర్చోవాలి. గట్టెక్కిన ప్రతి మనిషినీ ఏ ఊరని అడగాలి, సంచి విప్పి చూడాలి. గునపం మాత్రం ఎవరిదైనా సరే గట్టెక్కకూడదు. నాన్న సంఘపెద్ద కాబట్టి ప్రార్థన చేసి కాపలా మొదలుపెట్టేవారు. "ప్రభువా, ఏటి నుంచీ ఇంజనీర్ల నుంచీ మమ్మల్ని కాపాడు" అనేవారు. మేమంతా నవ్వకుండానే ఆమెన్ అనేవాళ్ళం.

ఎనభైల నడుమ పెద్ద వరద వచ్చేనాటికి నేను మా పేట బడిలోనే టీచర్ని. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక వేశారని రేడియో చెప్పింది. మధ్యాహ్నం నాన్నకి అన్నం క్యారేజీ పట్టుకుని గట్టెక్కాను. నీళ్ళు గట్టు అంచుకి రెండు జానల దూరంలో ఉన్నాయి. ఎర్రటి నీళ్ళలో ఒక పూరింటి కప్పు కొట్టుకుపోతోంది, దాని మీద ఒక కోడి నిలబడి ఉంది. గట్టు మీద నలభై మందిమి దాన్నే చూస్తున్నాం.

అప్పుడు వచ్చారు లస్కరు గారు. లస్కరంటే గట్టు కాపలాకి ప్రభుత్వం పెట్టిన మనిషి. ఎలుకల బొరియలు పూడ్చడం, తుప్పలు కొట్టడం, నీటి మట్టం చూసి ఆఫీసులో చెప్పడం ఆయన పని. పదేళ్ళుగా మా గట్టు ఆయనదే. ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంట్లో భోజనం చేసేవారు. మా బడి పిల్లలకి వేసవిలో ముంజెలు కొట్టిచ్చేవారు. ఆ రోజు ఇద్దరు కూలీలు, ఒక పార, భుజం మీద గునపంతో వచ్చారు.

"పెద్దయ్యగారూ, బుంగ పడిందండి" అన్నారు నాన్నతో, రొప్పుతూ. "పేట వైపు గట్టు కాళ్ళ దగ్గర బురదనీళ్ళు ఊరతన్నాయండి. పైనుంచి గొయ్యి తీసి మూసెయ్యాలండి. ఆలస్యమైతే మన చేతిలో ఉండదండి."

బుంగ మూయడమంటే ఇదీ పద్ధతి. గట్టు నడినెత్తిన గొయ్యి తవ్వుకుంటూ దిగి, నీళ్ళు దూరే బొరియ దొరికాక దాన్లో ఎండుగడ్డీ బంకమట్టీ కూరి గట్టిగా దిమ్మిస వేయాలి. అంటే వరద నెత్తిన ఉండగా గట్టుకి గునపం వేయాలి. గట్టు తెగ్గొట్టేవాడూ అదే చోట, అదే పనిముట్టుతో మొదలుపెడతాడు. దూరం నుంచి చూసినా దగ్గర నుంచి చూసినా రెండూ ఒక్కలాగే ఉంటాయి.

నాన్న లేచి అడ్డంగా నిలబడ్డారు. "ఆర్డరు ఉందా?" అన్నారు.

"బుంగకి ఆర్డరేంటండీ? నా పనే అది గదండీ."

"వెనకటి వరదప్పుడు కూడా ఇలాగే మట్టం చూస్తామని వచ్చేరు. మర్నాటికి గట్టు లేదు."

"ఒక్కసారి కిందకి దిగి చూడండి పెద్దయ్యగారూ. మీ కళ్ళతో మీరే చూడండి."

ఎవరూ దిగలేదు. దిగిన మరుక్షణం పైన తవ్వేస్తారని మా భయం. ఆ అనుమానం పైకి అన్నది మాత్రం నేను. "ఇన్నాళ్ళూ లేని బుంగ, సరిగ్గా ఏరు గట్టంచుకి వచ్చాకే ఎలా పడిందండీ?" అన్నాను. ఏరు పొంగినప్పుడు కాక బుంగ ఇంకెప్పుడు పడుతుంది? ఆ మాత్రం తట్టలేదు నాకు. టీచరమ్మ అడిగింది కదాని అందరూ తలలు ఊపారు. నేను వెళ్ళి ఆయన భుజం మీంచి గునపం తీసేసుకున్నాను. ఆయన పెనుగులాడలేదు.

"నా మీదేనాండీ అనుమానం?" అన్నారు.

"మీ మీద కాదు, మిమ్మల్ని పంపినవాళ్ళ మీద."

"నన్నెవరూ పంపలేదండీ."

అది అక్షరాలా నిజం. ఆ వారం రోజుల్లో ఎవరూ ఎవరినీ మా గట్టు మీదికి పంపలేదు. "సరేనండి, ఆఫీసుకెళ్ళి కాగితం తెస్తానండి. అందాకా ఆ చోట నాలుగు ఇసుక బస్తాలైనా వెయ్యండి" అని ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయారు. మేము ఒక్క బస్తా వేయలేదు. వేయడానికి బస్తాలు ఎక్కడున్నాయి కనుక? ఉన్నా వేసేవాళ్ళం కాదు.

ఆయన కాగితంతో తిరిగి రాకముందే, మధ్యాహ్నం మూడు కాకుండానే గట్టు కూర్చుండిపోయింది. ఆయన చూపించిన చోటే. పట్టపగలు, అందరం గట్టు దగ్గరే ఉన్నాం కాబట్టి పిల్లల్నీ ముసలివాళ్ళనీ బడి డాబా మీదికి ఎక్కించగలిగాం. ప్రాణనష్టం లేదు. ఇళ్ళు పోయాయి, గొడ్లు పోయాయి, అమ్మ బియ్యం డబ్బా అటకతో సహా పోయింది. డాబా ఎక్కి చూసుకుంటే గునపం ఇంకా నా చేతిలోనే ఉంది. చాప కింద పెట్టాను.

నాలుగు రోజులు ఆ డాబా మీదే ఉన్నాం. హెలికాప్టరు పొట్లాలు పడేసింది. సగం ఏట్లో పడ్డాయి. చేతికి దొరికినవాటిలో పులిహోర పులిసిపోయింది, పైన అంటించిన నాయకుడి బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. ఐదో రోజున మంత్రిగారు వస్తున్నారని కబురొచ్చింది. అర్జీ సిద్ధం చేయాలన్నారు. మా పేటలో ఏ అర్జీ అయినా నేనే రాయాలి.

"ఉన్నదున్నట్టు రాద్దాం నాన్నా. ఆయనొస్తే మనమే ఆపేమని" అన్నాను.

నాన్న కాగితం నా ముందుకి జరిపారు. "అలా రాస్తే గవర్నమెంటు ఏమంటది? మీ గండి మీరే కొట్టుకున్నారంటది. ఇళ్ళూ ఇవ్వరు, మెరక మీద స్థలాలూ ఇవ్వరు. రాయమ్మాయ్, ఆయన రాలేదని రాయి."

నాన్న చెప్పారని రాశానని ఇప్పుడు తప్పించుకోను. నాన్న అన్నది నాకూ నిజమే అనిపించింది. నిజం చెబితే దాన్ని మా మీదికే తిప్పుతారని నాకు గట్టి నమ్మకం. 'గట్టు సంరక్షణకు నియమింపబడిన లస్కరు సకాలములో రానందున' అని రాశాను. నా దస్తూరీ బాగుంటుందని పేరు. ఆ రోజు కూడా బాగానే కుదిరింది.

మంత్రిగారు పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టుకుని వచ్చారు. ఫొటో సరిగ్గా రాలేదంటే మళ్ళీ ఒకసారి నీళ్ళలోకి దిగారు. అర్జీ పైకి చదివి, ఇంజనీరు గారి వైపు తిరిగి "ఎవడయ్యా ఆ లస్కరు?" అన్నారు. గండి దగ్గర ఇసుక బస్తాలు మోస్తున్న ఆయన ఒళ్ళంతా బురదతో వచ్చి నిలబడ్డారు.

"ఏం, నువ్వు గట్టు మీదికి వచ్చావా?"

"వచ్చేనండి."

"ఎవరైనా చూశారా?"

"వీళ్ళంతా ఎరుగుదురండి" అన్నారాయన. ఎవరినీ వేలెత్తి చూపించలేదు. మేము ఆపామని కూడా చెప్పలేదు. మేమే చెబుతామనుకున్నారు కాబోలు.

మంత్రిగారు మా వైపు చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. నాన్న నేల చూపులు చూస్తున్నారు. నేను మంత్రిగారి చేతిలో ఉన్న కాగితాన్ని చూస్తున్నాను. లస్కరు గారు నన్ను చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. "వెంటనే సస్పెండ్ చెయ్యండి!" అన్నారు మంత్రిగారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. గట్టు ఎన్నేళ్ళ నుంచి ఎత్తు చేయలేదో, బస్తాలు ముందే ఎందుకు రాలేదో మంత్రిగారు ఇంజనీరుని అడగలేదు, మేమూ మంత్రిగారిని అడగలేదు. మెరక స్థలాలు ఇస్తామన్నారు. ఇంకా ఇస్తూనే ఉన్నారు.

గునపం బడి బీరువా వెనక పెట్టాను. చాక్‌పీసుల కోసం వెళ్ళినప్పుడల్లా కనబడేది, కనబడినప్పుడల్లా సిగ్గేసేది. విచారణ అధికారి ఒకాయన వచ్చి వెళ్ళారు. ఇదీ ఒక ఎత్తేమోనని ఆయనకీ నిజం చెప్పలేదు. లస్కరు గారు మలికిపురంలో కొబ్బరికాయలు ఒలిచే కూలికి వెళ్తున్నారని విన్నాను. ఆ ఏటి క్రిస్మస్‌కి మా ఇంటికి రాలేదు.

మరో మూడేళ్ళకి ఏరు మళ్ళీ పొంగింది. మళ్ళీ గట్టు మీద కూర్చున్నాం. పొద్దున్న పదిగంటలప్పుడు ఒక మనిషి సంచి పట్టుకుని గట్టెక్కారు. చిక్కి సగమయ్యారు, జుట్టు నెరిసింది. కాపలావాళ్ళు ఏమీ అడగకముందే ఆయన నా ముందుకొచ్చి సంచి బోర్లించారు. ఎండుగడ్డి, బంకమట్టి ముద్దలు.

"గునపం తేలేదండి, చూసుకోండి" అన్నారు. "గట్టు కాళ్ళు చూసుకుంటా వచ్చేనండి. ఆ చింతచెట్టు ఎదురుగా బురదనీళ్ళు ఊరతన్నాయి. మీరు దిగి చూడండి. నమ్మకం కుదిరితే మీరే తవ్వండి, నేను పక్కనుండి చెబుతాను."

దిగి చూశాను. మూడేళ్ళ కింద దిగవలసిన ఆ పది అడుగులూ దిగి చూశాను. ఉన్నాయి, బురదనీళ్ళు. బడికి పరిగెత్తి గునపం తెచ్చాను. గట్టు నెత్తిన మొదటి పోటు నేనే వేశాను, అందరూ చూస్తుండగా. తరవాత మగవాళ్ళు అందుకున్నారు. బొరియ దొరికాక ఆయనే గోతిలోకి దిగి గడ్డీ మట్టీ కూరారు. మధ్యాహ్నానికి కింద ఊట ఆగింది.

ఆయన గట్టు అంచున కూర్చుని చేతులు కడుక్కుంటుంటే దగ్గరికి వెళ్ళాను. ఏడుపు ఆగలేదు. "తప్పు చేశానండి. మీరు ఆ రోజు వచ్చారని రాసిస్తాను, సంతకం పెట్టి ఇస్తాను. ఈ గునపమే సాక్ష్యం" అన్నాను.

"ఎవరికి రాస్తారండీ? ఆ మంత్రిగారు ఓడిపోయేరు, ఇంజనీరుగారు బదిలీ అయిపోయేరు" అన్నారాయన. కోపంగా అనలేదు. "ఎవరైనా చూసేరా అని అడగాల్సిన రోజున మంత్రిగారు అడిగేరు గదండీ. మీరక్కడే ఉన్నారు."

తరవాత లేచి ఖాళీ సంచి దులుపుకున్నారు. కాపలావాళ్ళ వైపు ఒకసారి చూసి, "నా గునపం నేను పట్టుకెళ్ళొచ్చాండీ?" అని నన్ను అడిగారు.