ఫోన్‌లో దాటని గేటు

ఇటలీలో నేను పీహెచ్‌డీ చేసిన పాత యూనివర్సిటీలో ఒక పట్టింపు ఉంది. పట్టా చేతికొచ్చేదాకా విద్యార్థులెవరూ పెద్ద గేటు దాటరు. దాటితే చదువు ఆగిపోతుందట. వందల ఏళ్ల నాటి నమ్మకం. నేనూ అక్కడున్నన్నాళ్లూ పక్క సందులోంచే తిరిగాను.

ఈ రోజు నా స్నాతకోత్సవం. కానీ నేనిప్పుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను, పాస్‌పోర్ట్‌లో కొత్త వీసా స్టాంపింగ్ ఇంకా కాలేదు. ఇప్పుడు అమెరికా దాటితే మళ్లీ రావడం కష్టమని లాయర్ వద్దన్నాడు. అందుకని ఇక్కడ మోరిస్‌విల్‌లో, ఆఫీసు పార్కింగ్‌లో, కారులో కూర్చుని వీడియో కాల్‌లో చూశాను. నా పట్టాను ల్యాబ్‌లో నాతో పనిచేసిన శిరీష అందుకుంది.

"కాల్ కట్ చేయకు. నిన్ను పెద్ద గేట్‌లోంచి తీసుకెళ్తున్నా," అంది.

"వద్దే. పక్క సందులోంచే వెళ్లు."

"పిచ్చా నీకు? డిగ్రీ వచ్చేసిందిగా."

"నేనే వచ్చి నడిచి దాటుతా."

"ఎప్పుడొస్తావ్?"

మీటింగ్‌కి టైమైందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆఫీసు తలుపు దగ్గర బ్యాడ్జ్ చూపించగానే అది టక్కున తెరుచుకుంది. ఇక్కడ లోపలికి రావడానికి ఏ పట్టింపూ లేదు, పట్టింపంతా దేశం దాటడానికే.

నాది చాదస్తమే అనుకోండి. మీరైతే ఫోన్‌లో దాటేసేవారా?